గూడు ఎక్కడుందో రాయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో పక్షుల ఫొటోల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి, కాదనను. కానీ ఈ సరదా మొదలుపెట్టాలంటే కెమెరాకీ లెన్స్‌కీ కలిపి తక్కువలో తక్కువ మూడు నాలుగు లక్షలు ఉండాలన్నట్టు రాశారే, అక్కడ మనసు ఆగిపోయింది. అది చదివి ఎంతమంది పిల్లలు ఇది మన వల్ల కాదులే అని పేజీ తిప్పేసి ఉంటారో. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది, అదీ చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను గుంటూరులో ఒక మందుల షాపులో పనిచేస్తాను. షాపు తొమ్మిదిన్నరకి తీస్తారు, అప్పటిదాకా పొద్దు నాదే. ఆరేళ్ల కిందట 14 వేలు పెట్టి సెకండ్ హ్యాండ్‌లో ఒక బ్రిడ్జ్ కెమెరా కొన్నాను, అంటే లెన్స్ ఊడదీసి మార్చుకునే రకం కాదు, దానికి బిగించి వచ్చిన జూమ్‌తోనే అన్నీ తీసుకోవాలి. దాని సెన్సర్, అంటే లోపల బొమ్మని పట్టే చిప్, చిటికెన వేలి గోరంత. పెద్ద కెమెరాల్లో ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌తో చూస్తే వైశాల్యంలో దాదాపు ముప్పయ్యో వంతు. అందుకని వెలుతురు కాస్త తగ్గిందా, ఫొటో అంతా రవ్వ చల్లినట్టు గరుకుగా వచ్చేస్తుంది. ఎగిరే పక్షిని పట్టుకోవాలన్నా పది తీస్తే ఒకటి కుదురుతుంది. ఇవన్నీ ఉన్న మాటలే.

కానీ పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు, వీపు సూర్యుడి వైపు పెట్టుకుని, ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె, 400 దాటనివ్వకుండా తీస్తే అదే కెమెరా లకుముకి పిట్ట ముక్కు చివర వేలాడే నీటిచుక్కని కూడా చూపిస్తుంది. జూమ్ పూర్తిగా లాగితే చెయ్యి వణికి బొమ్మ చెదిరిపోతుంది కాబట్టి కిలో బియ్యం పోసి కుట్టిన గుడ్డసంచి ఒకటి స్కూటర్ సీటు మీద వేసి దాని మీద కెమెరా ఆనిస్తాను, ట్రైపాడ్ అవసరం ఇంతవరకు రాలేదు. డిజిటల్ జూమ్ మాత్రం కొన్న రోజే ఆపేసుకోవాలి, అది ఉన్న బొమ్మనే సాగదీస్తుంది తప్ప కొత్తగా ఏమీ చూపించదు. ఇక మిట్టమధ్యాహ్నం చెరువు మీద గాలి సెగలా కదులుతుంటే లక్షల లెన్స్‌కైనా దూరాన ఉన్న పక్షి మసగ్గానే కనిపిస్తుంది. నేల మీద ఉన్న పిట్టని తీయాలంటే మనం కూడా నేల మీద కూర్చోవాలి, దాని కన్నూ మన కెమెరా ఒకే ఎత్తులో ఉంటే ఫొటోకి ప్రాణం వస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు, ప్యాంటుకి మట్టి అంటుకుంటుంది, అంతే.

మాకు ఉప్పలపాడు దగ్గర కావడం పెద్ద అదృష్టం. ఊరి చెరువులో చెట్ల మీద, చెట్లు చాలక పెట్టించిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులూ (పెలికాన్లు) ఎర్రకాళ్ల కొంగలూ కంకణాల పిట్టలూ పక్కపక్కనే గూళ్లు కట్టుకుంటాయి. గట్టు మీద నిలబడి చిన్న జూమ్‌తో కూడా తీయొచ్చు. అక్కడ ఒకరోజు గూడబాతు పిల్లకి మేత పెట్టడం చూశాను. పిల్ల తలా మెడా మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది, రెక్కలు టపటపా కొట్టుకుంటోంది, చూస్తే తల్లి పిల్లని మింగేస్తోందేమో అనిపిస్తుంది. కాసేపటికి తల బయటికి తీసింది, ముఖమంతా తడి. ఆ ఫొటో ఏమంత గొప్పగా రాలేదు, కొమ్మ ఒకటి అడ్డం వచ్చింది. అయినా షాపు గోడకి అంటించాను. మందులకొచ్చిన వాళ్లు ఇది ఏ దేశం అని అడుగుతుంటారు, పక్కనున్న ఉప్పలపాడే అంటే నమ్మరు.

ఇక అసలు సంగతి.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో మా వైపు కొత్తగా వేసిన వెంచర్‌లో కంకర నేల మీద ఒక తీతువు జంట గుడ్లు పెట్టింది. తీతువుకి గూడంటూ కట్టుకోవడం ఉండదు, నేల మీద చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు. గుడ్లు నాలుగు, మట్టిరంగు మీద నల్ల మచ్చలు, కళ్లెదుటే ఉన్నా రాళ్లలో కలిసిపోతాయి. నేను స్కూటర్ 20 మీటర్ల దూరంలో ఆపి దిగకుండా కూర్చున్నాను. మొదట రెండూ నెత్తి మీద తిరుగుతూ గోల పెట్టాయి. స్కూటర్ కదలకపోయేసరికి పావుగంటలో ఆడదో మగదో ఒకటి వచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఎండ ఎక్కాక రెండోది పక్కన కాలవ నీళ్లలోకి దిగి, పొట్ట ఈకలు బాగా నానేదాకా అటూ ఇటూ ఒత్తుకుంటూ కూర్చుని, తిరిగొచ్చి ఆ తడి పొట్టతో గుడ్ల మీద ఒదిగింది. అప్పటిదాకా కూర్చున్నది లేచి కాలవకి వెళ్లింది. గుడ్లు ఎండకి ఉడికిపోకుండా అలా చల్లబరుస్తాయి. పొట్ట ఈకలు జడపాయల్లా అతుక్కుపోయి, వాటి చివర నీళ్లు మెరుస్తూ ఉన్న ఫొటో ఒకటి వచ్చింది. ఆరేళ్లలో నేను తీసిన వాటిలో అదే మంచిది.

సంతోషం ఆపుకోలేక దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఎక్కడని అడిగితే లొకేషన్ కూడా పంపించాను. తప్పు నాదే. ఆ ఆదివారం ఆరుగురు పెద్ద లెన్స్‌లతో వచ్చి గుడ్ల చుట్టూ ట్రైపాడ్లు వేశారు. అడ్డంగా ఉన్నాయని పక్కనున్న గడ్డీ రాళ్లూ తీసేశారట. తొమ్మిది నుంచి పదకొండు దాకా ఉన్నారు, అంతసేపూ ఆ రెండు పక్షులూ పైన తిరుగుతూ అరుస్తూనే ఉన్నాయి. తీతువు అరిస్తే కీడు అంటారు మన పెద్దవాళ్లు. ఆ రోజు కీడు వచ్చింది దానికి. సోమవారం పొద్దున వెళ్లి చూస్తే రెండు గుడ్లకి పెంకులే మిగిలాయి, ఇంకో రెండు గుడ్లు అలాగే ఉన్నాయి కానీ వాటి మీద ఎవరూ కూర్చోవడం లేదు. కాస్త దూరంలో ఒక పక్షి ఒంటికాలి మీద నిలబడి ఉంది. నేను కెమెరా తీయలేదు.

వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఒకరు నాకు బాగా కావలసినవారు. పక్షుల గుడ్లనీ గూళ్లనీ చెదరగొట్టడం కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాట కిందికే వస్తుందని చెబితే ఆయన నిజంగా తెల్లబోయాడు. ఫోన్‌లో పక్షి కూత పెట్టి పిలవడం, నీళ్లలో హాయిగా మేస్తున్న ఫ్లెమింగోల గుంపుని ఎగిరే ఫొటో కోసం అదిలించడం, ఇవన్నీ తప్పని చాలామందికి ఎవరూ చెప్పలేదు. మీలాంటి పత్రిక చెబితే వింటారు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. గూటి ఫొటోలు వేస్తే ఊరి పేరు, చెరువు పేరు వేయకండి. ఉప్పలపాడు, నేలపట్టు లాంటి పక్షుల కేంద్రాలు వేరు, అక్కడ కాపలా ఉంది, అందరికీ తెలిసినవే. గుడ్ల మీదకి వంగి తీసిన ఫొటో ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి. దసరాకి ప్రతి ఏడూ పాలపిట్ట ఫొటో వేస్తారు కదా, పంజరంలో పెట్టి దర్శనానికి తిప్పే పాలపిట్టని వేయకండి. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టని పల్లెటూరి కుర్రాడు చిన్న కెమెరాతో తీసినా చక్కగా వస్తుంది, అది వేయండి, కింద వాడి పేరు వేయండి. వారానికి ఒక్క ఫొటోకి చోటిస్తే చాలు, అది ఏ కెమెరాతో తీశారో, ఎంత దూరం నుంచి తీశారో ఒక ముక్క రాస్తే నేర్చుకునేవాళ్లకి అదే పాఠం.

ఈ ఏడు అదే వైపు ఇంకో చోట తీతువు జంట దిగింది. ఈసారి నేను ఎవరికీ చెప్పలేదు. నిన్న పొద్దున స్కూటర్ మీద నుంచే తీసిన ఫొటో ఒకటి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. పక్షి చిన్నదిగానే ఉంటుంది ఫొటోలో, దగ్గరికి వెళ్లలేదు. వేయాలనిపిస్తే వేయండి. గుంటూరు జిల్లా అని రాస్తే చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుంటూరు