టీవీలో గే పాత్ర వచ్చిందంటే నవ్వాల్సిందేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. టీవీ హాస్య కార్యక్రమాల్లో ఒక మగ పాత్ర నడుము తిప్పుకుంటూ, చేతులు ఊపుకుంటూ తెర మీదికి వస్తుంది. అతడు నోరు విప్పకముందే, రికార్డు చేసి పెట్టుకున్న నవ్వులు మోగుతాయి. హాస్యం అన్నాక ఏదో ఒక మాటో, తికమకో, పొరపాటో ఉండాలి. ఇక్కడ అవేవీ లేకుండానే, ఆ మనిషి అలా ఉండడమే హాస్యమని చూసేవాళ్లకు సూచన అందుతుంది. ఏళ్ల తరబడి ఆ సూచన ప్రకారం నవ్విన వాళ్లలో నేనూ ఒకణ్ణి. నా మేనల్లుడు తాను గే అని నాతో చెప్పిన రోజున, ఆ మాట చెప్పడానికి ముందు చాలాసేపు ఊరుకుని, "మామయ్యా, అలాంటి సీను వచ్చినప్పుడల్లా మీరు నవ్వుతూ నావైపు చూసేవారు, గుర్తుందా?" అని అడిగాడు. నాకు గుర్తు లేదు. అతడికి మాత్రం ఏ కార్యక్రమంలో ఏ సీనో కూడా గుర్తుంది.

ఆ తర్వాతే ఈ విషయం గురించి కొంత చదివాను. అమెరికాలో సీబీఎస్ సంస్థ 1967లో స్వలింగ ప్రేమికుల మీద ఒక గంట డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. అందులో మాట్లాడిన ఒకాయన ముఖం కనిపించకుండా కుండీలోని మొక్క ఆకులను అడ్డుపెట్టారు. ఇలాంటి మగవాళ్లకు నిలకడైన బంధం మీద ఆసక్తి గాని, దాన్ని నిలబెట్టుకునే శక్తి గాని ఉండవని వ్యాఖ్యాత మైక్ వాలెస్ తేల్చేశారు. తర్వాతి కాలంలో ఆయనే ఆ కార్యక్రమం విషయంలో విచారం వ్యక్తం చేశారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ఆకర్షణను మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించింది 1973లో. వైద్యులు మాట మార్చుకున్నంత త్వరగా టీవీ మార్చుకోలేదు. రోగి పాత్ర పోయింది, జోకరు పాత్ర వచ్చింది. 1980లలో ఎయిడ్స్ వార్తలతో పాటు మరణశయ్య మీది పాత్ర వచ్చింది.

ఇక్కడ ఒక పొరపాటుకు చోటివ్వకూడదు. ఆడతనం ఉట్టిపడే గే పురుషులు లోకంలో ఉన్నారు, వాళ్లు ఉండడంలో తప్పేమీ లేదు. కండలు తిరిగిన, గంభీరమైన గొంతున్న గే పాత్రను తెచ్చి నిలబెడితే సమస్య తీరిపోతుందని కొందరు అంటుంటారు గాని, అప్పుడు కూడా ఆడతనం నవ్వులపాలు కావలసిందేనన్న లెక్క అలాగే మిగిలిపోతుంది. ఒక మనిషి ఎవరిని ప్రేమిస్తాడన్నది ఒకటి, తనను తాను మగగానో ఆడగానో భావించుకోవడం మరొకటి, నడక తీరు ఇంకొకటి. హాస్య రచయితలు ఈ మూడింటినీ ఒకే మూటలో కట్టేస్తారు. ఆ మూట విప్పితే వాళ్లకు జోకు మిగలదు.

నవ్వించనంతవరకు ఆ పాత్రను భరించలేని మరో వర్గం వ్యాపారులది. 1989లో ఏబీసీ ఛానల్‌లో వచ్చిన 'థర్టీసమ్‌థింగ్' ధారావాహికలో ఇద్దరు మగవాళ్లు మంచం మీద పక్కపక్కన ఉండి మాట్లాడుకున్న సన్నివేశం వచ్చింది. ముద్దు లేదు, ఒకరినొకరు తాకింది కూడా లేదు. అయినా ప్రకటనదారులు వెనక్కి తగ్గడంతో ఛానల్‌కు పది లక్షల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. తెర మీద గే పాత్ర ఆడంగి నవ్వులకు పనికొస్తుంది గాని, పగలంతా పనిచేసి వచ్చి రాత్రి తన మనిషితో నాలుగు మాటలు చెప్పుకోవడానికి పనికిరాదన్నమాట! 1998లో మొదలై విశేష ఆదరణ పొందిన 'విల్ అండ్ గ్రేస్'లో కూడా కథానాయకుడికి చమత్కారం దండిగా ఇచ్చిన రచయితలు, తొలి సంవత్సరాల్లో ప్రేమ జీవితాన్ని మాత్రం బహు పొదుపుగా ఇచ్చారు. దాని మేలును నేను కాదనను. గే పరిచయస్తులు తక్కువగా ఉన్న ప్రేక్షకుల్లో, ఆ కార్యక్రమం ఎక్కువగా చూసేవారికి విముఖత తక్కువగా ఉందని 2006లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనం గమనించింది. పరిచయం లేని చోట టీవీయే పరిచయమైనప్పుడు, ఆ పరిచయం ఎలాంటిదన్న ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది.

నా మేనల్లుడు చూడమని చెప్పిన వాటిలో నాకు నచ్చింది 2001 నుంచి 2005 వరకు వచ్చిన 'సిక్స్ ఫీట్ అండర్'. అందులో డేవిడ్ అనే గే పురుషుడు తన కుటుంబం నడిపే అంత్యక్రియల సంస్థను చూసుకుంటూ ఉంటాడు. పోలీసు ఉద్యోగి కీత్‌తో గొడవపడతాడు, విడిపోతాడు, మళ్లీ కలుస్తాడు. చివరికి ఇద్దరూ కలిసి ఇద్దరు పిల్లలను దత్తత తీసుకుంటారు. డేవిడ్ గొప్పవాడేమీ కాదు, ఒక్కోసారి విసుగు పుట్టిస్తాడు కూడా. అయినా అతడి విసుగు అతడిది, అతడి కథ అతడిది. కథానాయికకు చీర ఎంపికలో సలహా ఇవ్వడానికో, కథానాయకుడు ఎంత ఉదార హృదయుడో చాటడానికో పుట్టించిన పాత్ర కాదు. టీవీలో గే పాత్రల సంఖ్య పెరిగిందని సంబరపడే వాళ్లు, ఆ పాత్రల్లో ఎందరికి సొంత ఇల్లు, సొంత ఉద్యోగం, నెరిసిన జుట్టు ఉన్నాయో కూడా లెక్కపెట్టాలని నా మనవి.

చివరిగా మీ పత్రికకే ఒక విన్నపం. టీవీ కార్యక్రమాల గురించి రాసేటప్పుడు ఇలాంటి పాత్రను మీ విలేకరులు "స్వలింగ సంపర్కుడు" అని రాస్తున్నారు. ఆ మాట మనిషిని పడకగదిలోని ఒక చర్యగా కుదించేస్తుంది. భార్యతో కాపురం చేస్తున్న పాత్రను ఏ సమీక్షలోనూ "భిన్నలింగ సంపర్కుడు" అని రాయగా నేను చూడలేదు. "గే" అన్న మాట పాఠకులకు ఇప్పుడు తెలిసిందే. తెలుగు మాటే కావాలనుకుంటే "స్వలింగ ప్రేమికుడు" ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు