ఫెయిరీ తోట వసంత సంబరం: జమా ఖర్చుల వివరణ

కాలనీవాసులందరికీ పార్కు కమిటీ నమస్కారాలు.

ఉగాది తర్వాతి ఆదివారం మన పార్కులో పిల్లల కోసం జరిపిన ఫెయిరీ తోట సంబరం లెక్కలివి. పిల్లలు ఫెయిరీల్లా, అంటే కథల్లోని బుల్లి దేవకన్యల్లా, రెక్కలు కట్టుకుని, కుండీల్లో ఫెయిరీలకు బుల్లి ఇండ్లు, తోటలు చేసిన పండుగ అది. పండుగైన పది రోజులకే పెట్టాల్సిన లెక్క మే నెల దాకా జరిగింది. కారణం ఒక్కటే బిల్లు, కుండీలకు నీడ కోసం కట్టించిన గ్రీన్ నెట్‌ది. దాని మీద వాట్సాప్ గ్రూపులో ఎన్ని మాటలు పడ్డాయో అందరూ చూశారు. అందుకే మిగతావి గబగబా చెప్పేసి, దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాం.

జమ

ఇంటికి 300 చొప్పున 74 ఇండ్ల నుంచి: 22,200
పిల్లల నమోదు, 62 మంది, 50 చొప్పున: 3,100
పేరు చెప్పొద్దన్న ముగ్గురు దాతలు (5,116 + 2,116 + 1,116): 8,348
పోయిన వినాయక చవితి మిగులు: 2,460
పిల్లలు రంగులేసిన ముంతల అమ్మకం, 18 ముంతలు, 60 చొప్పున: 1,080
మొత్తం జమ: 37,188 రూపాయలు

ముగ్గురు దాతలకు చేతులెత్తి దండం. అడక్కముందే ఇచ్చారు, ఇచ్చి మళ్లీ ఆ మాటెత్తలేదు. రాయించుకుని ఇవ్వని ఇండ్లు 12 ఉన్నాయి, అది 3,600. పండుగ నాడు మైకు పట్టుకుని ‘రెక్కల ఖర్చు నాది’ అని ప్రకటించిన 3,000 కూడా ఇంకా అందలేదు. ఆ రోజు చప్పట్లు మాత్రం బాగానే మోగాయి. రెండూ కలిపి రావలసింది 6,600.

ఖర్చు

రెక్కలు: 1,600. ఇందులో 14 గేజీ జీఐ (జింకు పూత ఇనుప) వైరు మూడున్నర కిలోలు 420, నెట్ గుడ్డ 14 మీటర్లు 840, ఎలాస్టిక్, టేపు 340. కట్టుడు పనికి వాడే బైండింగ్ వైరు చవకే గానీ మెత్తన. పిల్ల రెండుసార్లు గెంతితే రెక్క ముడుచుకుపోతుంది. ఒక్కో జతకు దాదాపు రెండుంపావు మీటర్ల వైరు పట్టింది. నెట్టును బంకతో అతికిస్తే రంధ్రాల్లోంచి కారి గట్టిపడి వీపుకు గుచ్చుకుంటుంది, కాబట్టి అంచు మడిచి చేత్తో కుట్టించాం. వైరు కొసలను వెనక్కి వంచి మూడు చుట్లు టేపు వేయించాం. కుట్టిపెట్టిన అక్కాచెల్లెళ్లు కూలి తీసుకోలేదు.

జడ కోలాటం: 1,250. ఐరోపాలో వసంతానికి స్తంభం పాతి, రిబ్బన్లు కట్టి చుట్టూ ఆడతారు. ఆ ఆట మన జడ కోలాటంలో ఎప్పటి నుంచో ఉంది, కొత్తగా నేర్పించడానికి ఎవర్నీ పిలవాల్సిన పని పడలేదు. ప్రకాశం బజార్‌లో తెచ్చిన శాటిన్ రిబ్బను 80 గజాలు 800. పదడుగుల వెదురు బొంగు, పైన బిగించిన పాత సైకిల్ రిమ్ము, అడుగున పెయింటు డబ్బాలో పోసిన సిమెంటు కలిపి 450. రిబ్బన్లు 16, ఒక్కోటి 15 అడుగులు. పొడవు బొంగు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు లేకపోతే అల్లిక సగానికి రాకముందే పిల్లలు బొంగుకు అతుక్కుపోతారు. ఆడేవాళ్లు సరిసంఖ్యలో ఉండాలి, ఎనిమిది మంది కుడికి, ఎనిమిది మంది ఎడమకి, ఒకసారి రిబ్బను కింద నుంచి, ఒకసారి పై నుంచి. ఒక్కరు తప్పినా ముడి పడుతుంది, అప్పుడు అందరూ వచ్చిన దారినే వెనక్కి నడవాలి.

ఫెయిరీ ఇండ్ల సామాను: 2,400. ముంతలు 42కి 630, ఐస్‌క్రీమ్ పుల్లలు 260, ఎంసీల్ (అతికించే ముద్ద) 420, అక్రిలిక్ రంగులు, కుంచెలు 1,090. పోస్టర్ రంగులు సగం ధరకే వస్తాయి కదా అని అడిగారు. మొదటిసారి నీళ్లు పోయగానే అవి తలుపు, కిటికీతో సహా మట్టిలోకి కారిపోతాయి. తెల్ల బంకదీ అదే కథ, తడి తగిలితే పుల్ల ఊడుతుంది. ముంతను బోర్లించి తలుపు అతికించినవి 24 తోటల్లోకి వెళ్లాయి, మిగిలిన 18 అమ్మాం.

బుడగల నీళ్లు: 350. లీటరు నీళ్లకు గిన్నెలు తోమే లిక్విడ్ 100 మిల్లీలీటర్లు, గ్లిజరిన్ 50. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, వాటితో బుడగ సరిగా నిలవదు, ఫిల్టరు నీళ్లే వాడాం. ఎండ ముదిరాక గాలి పొడిబారి బుడగ ఊదిన వెంటనే పగులుతుంది. పొద్దున ఏడున్నరకే ఆ ఆట పెట్టింది అందుకే, పిల్లల్ని నిద్రపోనివ్వలేదని అలిగిన తల్లులు గమనించగలరు.

రంగుల నీళ్లకు ఖర్చు లేదు. దేవరకొండ రోడ్డు వైపు చెట్ల కింద రాలిన మోదుగ పూలు ఏరుకొచ్చి ఎండబెట్టి, రాత్రి నానబెట్టి పొద్దున మరిగించాం. పసుపు రంగు దిగుతుంది, చిటికెడు సున్నం వేస్తే నారింజకు తిరుగుతుంది. చమ్కీ పొడి ఎందుకు పెట్టలేదంటే, అది కళ్లలో పడుతుంది, మట్టిలో కలిస్తే ఏరలేం. మెరుపు తక్కువైందన్న మాట నిజమే, ఉండనీయండి.

గుడాలు, మజ్జిగ, తాగే నీళ్ల క్యాన్లు: 4,150
టెంటు, కుర్చీలు, మైకు: 4,500
ఫ్లెక్సీ: 600
దెబ్బల మందు, దూది, చిల్లర: 290

ఇక తోట. 62 మంది పిల్లల్ని 24 జట్లు చేసి, జట్టుకొక వెడల్పాటి కుండీ ఇచ్చాం.

మట్టి కుండీలు 24, 180 చొప్పున: 4,320
మట్టి, ఎరువు: 2,340
మొక్కలు: 3,500
రవాణా: 700

పార్కు నేలలోనే నాటితే ఈ 4,320 మిగిలేదని ఒక పెద్దమనిషి రాశారు. పార్కు నేల రోలరుతో తొక్కించిన మొరం. గునపం తేలిగ్గా దిగదు, నీళ్లు ఇంకవు. ప్లాస్టిక్ కుండీలు 90కే వస్తాయన్నారు, నిజమే. మట్టి కుండీ గోడల్లోంచి చెమ్మ ఆవిరవుతూ వేళ్లను చల్లగా ఉంచుతుంది, ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు. 16 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల లోతు, అడుగున మూడు చిల్లులు అని చెప్పి కుమ్మరి దగ్గర చేయించాం. చిల్లు మీద పెంకు, ఆ పైన మట్టి. ఎర్రమట్టి రెండు పాళ్లు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒకటి, వర్మికంపోస్ట్ ఒకటి, దొడ్డు ఇసుక అర పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి. కోకోపీట్ ఐదు కిలోల ఇటుక ఒక్కటి నానితే 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది, ఉప్పు పోవడానికి రెండు నీళ్లు కడగాలి. ఎర్రమట్టి, ఇసుక ట్రాలీ 1,300, వర్మికంపోస్ట్ 50 కిలోలు 600, కోకోపీట్ 240, వేపపిండి ఐదు కిలోలు 200.

మొక్కల్లో టేబుల్ రోజ్ 60, జేడ్ 24, బిళ్లగన్నేరు 24. సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టడానికి పార్కు గోడ వెంట గుంతలు తవ్వించి కరివేపాకు 6, నిమ్మ 4 పెట్టించాం. ఆకులు పురుగు తిన్నాయని ఫోన్లు చేస్తున్నారు. అది తింటేనే సీతాకోకచిలుక అయ్యేది, దయచేసి మందు కొట్టొద్దు.

ఫెయిరీ తోటల ఫోటోల్లో కనిపించే ఫెర్నులు, నాచు ఎందుకు తేలేదని కూడా అడిగారు. అవి చల్లటి, తేమ గాలి మొక్కలు, నల్లగొండ ఏప్రిల్‌కు వారం ఆగవు. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా కావాలనే వదిలేశాం. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే వాటి ఆకుల కొసలు మాడిపోతాయి. మన బోర్ల సంగతి కొత్తగా చెప్పాలా, పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా మన ఊరి పేరే పెట్టి పిలుస్తుంది. తోటకు నల్లా నీళ్లే పోయిస్తున్నాం. సూపర్ ఫాస్ఫేట్‌లో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, ఎవరూ తెచ్చి వేయకండి.

గ్రీన్ నెట్, చట్రం: 10,700

అసలు గొడవ ఇది. ‘పండుగ అయిపోయాక నెట్ ఎవరి కోసం?’ అని ఒకరు, ‘కుండీలు ఇండ్లకు పంచేస్తే పైసా ఖర్చు లేకపోయేది’ అని మరొకరు, ‘వెల్డింగ్ ఎవరి మనిషికి ఇచ్చారు?’ అని ఇంకొకరు.

పండుగకు ముందే ఎందుకు కట్టలేదు? నెట్ నిలబడ్డ చోటే ఆ రోజు జడ కోలాటం ఆడింది. పదహారు మంది రిబ్బన్లు పట్టుకుని తిరగడానికి 24 అడుగుల వలయం కావాలి. మధ్యలో ఇనుప స్తంభాలు నిలబెట్టి పిల్లల్ని తిప్పలేం. పైగా నాటిన మొక్కలు మూడు, నాలుగు రోజులు వాడి తేరుకోవాలి, అప్పటిదాకా వేపచెట్ల కింద నీడ చాలు.

ఇండ్లకు ఎందుకు పంచలేదు? ఒక్కో కుండీ ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి చేసింది. ఎవరింటికి పంపాలి? బడులు మూయగానే సగం ఇండ్లకు తాళాలు పడతాయి, పిల్లలు అమ్మమ్మ ఊరికి పోతారు. తాళం వేసిన ఇంటి బాల్కనీలో పడమటి ఎండకు మొక్క ఎన్ని రోజులుంటుందో చెప్పనక్కర్లేదు. 40 డిగ్రీలు దాటే ఎండలో 6 అంగుళాల మట్టి మధ్యాహ్నానికల్లా వేడెక్కి వేళ్లు ఉడికిపోతాయి. నెట్ లేకుంటే పైన రాసిన 3,500 మొక్కల ఖర్చు వానలు పడ్డాక మళ్లీ పెట్టాల్సిందే.

ధర సంగతి. మూడు చోట్ల అడిగాం. ఒకరు ఒకటింపావు అంగుళం పైపుతో 13,200 చెప్పారు. ఇంకొకరు 9,800కే చేస్తామన్నారు, కానీ ముప్పావు అంగుళం పైపు, కాళ్లకు కాంక్రీటు లేదు. మధ్యస్థంగా ఉన్నది తీసుకున్నాం. వెల్డింగ్ చేసినతనికి కమిటీలో ఎవరితోనూ చుట్టరికం లేదు.

అంగుళం జీఐ పైపులు, 20 అడుగులవి 7, 900 చొప్పున: 6,300
వెల్డింగ్ కూలి: 2,000
సిమెంటు, కంకర: 650
నెట్, మూడు మీటర్ల పన్నా, 15 మీటర్లు: 1,440
క్లిప్పులు, కట్టు తీగ: 310

తొమ్మిదడుగుల కాళ్లు ఆరు, ఒకటిన్నర అడుగు భూమిలో కాంక్రీటులో. పైన 24 అడుగుల దూలాలు రెండు, 12 అడుగులవి మూడు. మొత్తం 138 అడుగులు, కొన్నది 140. పైపు ఎక్కడికి పోయిందని అడిగినవారు టేపు తెచ్చి కొలుచుకోవచ్చు. నెట్టును రెండు ముక్కలు పక్కపక్కన కుట్టిస్తే 20 అడుగుల వెడల్పు వచ్చింది, పన్నెండు పైకప్పుకు, మిగిలిన ఎనిమిది పడమటి వైపు దించాం. వేపచెట్లకే తాళ్లతో కట్టొచ్చు కదా అన్నారు. ఈదురుగాలికి మాను ఊగుతుంది, నెట్ తెరచాపలా ఉబ్బి మూలల దగ్గర చిరుగుతుంది. ఇప్పుడు కూడా పెద్దగాలి వచ్చే సూచన ఉంటే పడమటి అంచు తాడు విప్పి చుట్టి పెట్టాలి, విప్పడం తేలికయ్యేలా జారుముడే వేయించాం. 75 శాతం ఎండను ఆపే నెట్ మంచిదన్న సలహా వినకపోవడానికి కారణం టేబుల్ రోజ్. నీడ ఎక్కువైతే మొగ్గ విచ్చదు. 50 శాతం నెట్ కింద పూస్తోంది, వచ్చి చూడండి.

బిల్లు ఆలస్యానికి కారణం, మొదట చేతికి వచ్చింది తెల్ల కాగితం మీద రాసిన కచ్చా చిట్టీ. అది చూపిస్తే ఇంకో గొడవయ్యేది. పైపులకు, నెట్‌కు పక్కా బిల్లులు, కూలికి సంతకంతో రసీదు వచ్చేదాకా ఆగాం.

ఏప్రిల్, మే నీళ్లు పోసే మనిషికి, నెలకు 1,000: 2,000

ఆ మనిషి కాకుండా వేరెవరూ నీళ్లు పోయకండి. పొద్దున ఒక్కసారి, వేలు రెండు కణుపులు గుచ్చి మట్టి పొడిగా ఉంటేనే. ప్రేమ కొద్దీ సాయంత్రం పిల్లలతో మళ్లీ పోయిస్తున్నారు, నాలుగు కుండీల్లో జేడ్ మొదలు మెత్తబడింది. తెల్లటి పిండి పురుగు కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి ఎండ తగ్గాక కొట్టాలి, ఆ డబ్బా వాచ్‌మన్ గదిలో ఉంది.

మొత్తం ఖర్చు: 38,700 రూపాయలు
మొత్తం జమ: 37,188 రూపాయలు
లోటు: 1,512 రూపాయలు

లోటు కోశాధికారి తన చేతి నుంచి పెట్టారు. రావలసిన 6,600 వస్తే ఆయన బాకీ తీరి 5,088 మిగులుతుంది. దానితో జూన్ వానలకు గోడ వెంట మరికొన్ని నిమ్మ, కరివేపాకు మొక్కలు పెట్టాలని తీర్మానించాం. ఇవ్వాల్సిన 12 ఇండ్ల నంబర్లు నోటీసు బోర్డు మీద పెట్టమని కొందరు పట్టుబట్టారు. ఈ నెలాఖరు దాకా పెట్టం.

బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి. ప్రతి ఆదివారం పొద్దున 8 నుంచి 10 దాకా పార్కు గదిలో ఎవరైనా చూడవచ్చు, నకలు కావాలంటే జిరాక్స్ పైసలు తెచ్చుకోవాలి.

ఇట్లు,
అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి
పార్కు కమిటీ, నల్లగొండ