సంబంధం అనే గడి

తిరుపతి,
ఆదివారం రాత్రి

రేయ్ బక్కోడా,

నువ్వు పంపిన ఆరు నిమిషాల వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను రా. మొదటిసారి కోర్టు క్యాంటీన్లో మొదలుపెట్టి, పక్కన మా గుమస్తా చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నాడని సగంలో ఆపేశాను. రెండోసారి బండి మీద, అలిపిరి సిగ్నల్ దగ్గర. మూడోసారి ఇప్పుడు, డాబా మీద, కరెంటు పోయి దోమలు పీక్కుతింటుంటే. ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలో అడ్డం తగులుతావు, అందుకే కూర్చుని రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

"ఇద్దరు మగవాళ్ల పెళ్లిని సుప్రీం కోర్టే కాదన్నాక మా ఇద్దరికీ ఇంక ఏం మిగిలింది రా లాయరూ" అన్నావు కదా, ముందు ఆ మాట సరిచేస్తాను. ప్లీడరు బుద్ధి, ఎక్కడికి పోతుంది. 2023 అక్టోబరు 17న ఐదుగురు జడ్జీలు కలిసి చెప్పిందేమిటంటే, పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదు, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని, అంటే మతంతో పని లేకుండా పెళ్లి చేసుకోనిచ్చే చట్టాన్ని, మేం కూర్చుని తిరగరాయలేం, అది పార్లమెంటు చూసుకోవాల్సిన పని అని. అంతవరకు ఐదుగురిదీ ఒకటే మాట. పెళ్లి అనకపోయినా మీ బంధానికి చట్టంలో ఏదో ఒక గుర్తింపు ఉండాలని చంద్రచూడ్, కౌల్ అన్నారు. మిగతా ముగ్గురు ఒప్పుకోలేదు. ఆ ముగ్గురిలో జస్టిస్ నరసింహ మన తెలుగాయనే. కేసు వేసిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ జంటదీ హైదరాబాదే, కాబట్టి ఇది మనకెక్కడో ఢిల్లీ గొడవ అనుకోవడానికి లేదు. మళ్లీ చూడమని వేసిన పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. అంటే ఆ కోర్టు గుమ్మం దగ్గర కూర్చుని ఏడ్చి ఇప్పట్లో లాభం లేదు, గుడి మారాలి, పార్లమెంటు వైపు తిరగాలి.

ఆ గుడి దారి ఎట్లా ఉంటుందో నాకు ఒకావిడ వల్ల కొంచెం అర్థమైంది. టామీ బాల్డ్విన్ అని, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం నుంచి సెనేటరు, అంటే వాళ్ల పార్లమెంటు పై సభ సభ్యురాలు. పేరు ఎప్పుడైనా విన్నావో లేదో. విస్కాన్సిన్ అంటే మన చిత్తూరు లాగే పాలు, డెయిరీలు, రైతులు. చలి ఒక్కటే తేడా. ఆవిడ కూడా నాలాగే లాయరు. 24 ఏళ్లకే కౌంటీ బోర్డుకి, అంటే మన జిల్లా పరిషత్తు లాంటిదనుకో, ఎన్నికైంది. లా డిగ్రీ వచ్చింది ఆ తర్వాత, 1989లో. మూడేళ్లు ప్రాక్టీసు చేసింది, 1992లో రాష్ట్ర అసెంబ్లీకి, 1998లో పార్లమెంటు కింది సభకి, 2012లో సెనేట్‌కి గెలిచింది. నేను స్త్రీలను ప్రేమించే స్త్రీని అని దాచకుండా చెప్పి మరీ సెనేట్‌కి గెలిచిన మొదటి మనిషి. నేనైతే బార్ అసోసియేషన్ ఎన్నికల్లో జాయింట్ సెక్రటరీగా నిలబడి పదకొండు ఓట్లతో ఓడిపోయాను, ఆ సంగతి ఎత్తకు.

ఆవిడ కథలో నాకు గుచ్చుకున్నది ఎన్నికలు కాదు. చిన్నప్పుడు ఆవిడని పెంచింది అమ్మమ్మా తాతయ్యా. తొమ్మిదేళ్ల వయసులో పెద్ద జబ్బు చేసి మూడు నెలలు ఆసుపత్రిలో ఉంది. వాళ్ల ఇన్సూరెన్సు ఈ పిల్లకి వర్తించలేదు. ఎందుకంటే ఫారంలో ఆ పిల్ల కూతురు కాదు, మనవరాలు. అన్నం పెట్టి పెంచేది వాళ్లే అయినా కాగితం ఒప్పుకోలేదు. ఆ తర్వాత వేరే పాలసీ తీసుకుందామంటే పాత జబ్బుందని ఎవరూ ఇవ్వలేదు. చివరికి డబ్బంతా ఆ ముసలివాళ్లే పెట్టుకున్నారు. ఇది చదివినప్పుడు మా వీధి చివరి టీచరమ్మ గుర్తొచ్చింది, ఆ సంగతి నీకు చెప్పనేలేదు.

మా వీధి చివర ఇద్దరు రిటైర్డు టీచర్లు ఉంటారు, ఒకే ఇంట్లో ముప్పై ఏళ్లకు పైగా. వీధిలో అందరూ అక్కాచెల్లెళ్లు అనుకుంటారు, కాదు. వాళ్లు ఒకరికొకరు ఏమవుతారో నేనెప్పుడూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. పోయిన నెల పెద్దావిడకి రాత్రి పూట గుండెనొప్పి వస్తే, చిన్నావిడ నాకు ఫోన్ చేసింది, ఆటోలో ఎక్కించుకుని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ ఆపరేషన్ ఫారం మీద ఒక గడి ఉంటుంది, పేషెంటుకి సంబంధం అని. ఈవిడ 'స్నేహితురాలు' అని రాసింది. కౌంటర్లో అబ్బాయి పెన్ను ఆపి, "రక్త సంబంధీకులు ఎవరూ లేరామ్మా" అన్నాడు. వాడి తప్పు కూడా కాదులే, వాడికి పైనుంచి ఏం చెప్పారో అదే. నేను ఈవిడ చెవిలో, "చెల్లెలినని రాసేయండి మేడం, ఎవరు చూస్తారు" అన్నాను. లాయరు ఇచ్చిన సలహా చూడు! ఆవిడ నా వైపు చూసి, "ముప్పై ఏళ్లు హాజరు పట్టీ రాసిన చేయి ఇది, దొంగ రాత రాయదు నాయనా" అంది.

మదనపల్లె నుంచి పెద్దావిడ అన్న కొడుకుని రప్పించాం. బస్సులో వచ్చేసరికి తెల్లారింది. అతను మంచివాడే పాపం, కాకపోతే అత్తని చూసి నాలుగేళ్లయిందట. డాక్టరు ఏ మందులు వాడుతున్నారని అడిగితే నోరు తెరిచాడు. ఈవిడ సంచిలోంచి క్యాలెండర్ కాగితం ఒకటి తీసింది, వెనకవైపు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని గీతలు గీసి, ఏ మాత్ర ఎప్పుడు, ఏది తింటే కడుపులో మంట అన్నీ ఎర్ర ఇంకుతో రాసి ఉన్నాయి. డాక్టరు ఆ కాగితం చూసి మందులు రాసుకున్నాడు, సంతకం మాత్రం మదనపల్లె ఆయన పెట్టాడు. పెద్దావిడ ఇప్పుడు బాగానే ఉంది, పొద్దున పూట కపిలతీర్థం దాకా నడుస్తోంది.

సరే, బాల్డ్విన్ దగ్గరికి వద్దాం. 1994లోనే ఆవిడ తన రాష్ట్రంలో ఇద్దరు ఆడవాళ్లకో ఇద్దరు మగవాళ్లకో పెళ్లి చట్టబద్ధం చేద్దామని అడిగింది. ఎవరు వింటారు అప్పట్లో? పైగా 2006లో అక్కడి జనమే అలాంటి పెళ్లిళ్లు కుదరవని ఓట్లేసి రాష్ట్ర రాజ్యాంగంలో రాయించారు, నూటికి 59 మంది. ఆ జనం దగ్గరికే వెళ్లి ఆవిడ మళ్లీ మళ్లీ ఓటు అడిగి గెలిచింది, నాకు ఆశ్చర్యం అదే. 2015 జూన్ 26న వాళ్ల సుప్రీం కోర్టు దేశమంతా పెళ్లి హక్కు ఇచ్చేసింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. 2022 జూన్‌లో అదే కోర్టు అబార్షన్ హక్కు తీసేస్తూ తీర్పు ఇచ్చినప్పుడు, ఒక జడ్జి విడిగా రాసిన దాంట్లో ఈ పెళ్లి తీర్పును కూడా మళ్లీ చూడాలన్నాడు. జడ్జీలు ఇచ్చింది జడ్జీలే తీసుకోగలరని అప్పుడు తెలిసొచ్చింది వాళ్లకి.

దాంతో చట్టం చేద్దామని కూర్చున్నారు. కింది సభలో తేలిగ్గానే అయిపోయింది, సెనేట్‌లోనే చిక్కు. అక్కడ వందమందిలో 60 మంది సరే అంటే తప్ప బిల్లు ఓటింగు దాకా రాదు. ఆవిడ పార్టీ వైపు ఉన్నది 50. అంటే అవతలి పార్టీ నుంచి పదిమంది కావాలి. ఉపన్యాసాలకి పడే రకం కాదు వాళ్లు. ఈవిడ ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, నీకు ఏం భయం, ఏ మాట మారిస్తే నీ ఊళ్లో తలెత్తుకోగలవు అని అడిగింది. మత సంస్థలు ఇలాంటి పెళ్లిళ్లు జరిపించాల్సిన పని లేదని రాయాలన్నారు కొందరు, రాశారు. ఎన్నికల ముందు ఓటేయలేం అన్నారు, నవంబరు ఎన్నికలయ్యే దాకా ఆగారు. సొంత మనుషుల్లోనే కొందరికి ఒళ్లు మండింది, ఎన్నికల ముందు ఓటింగు పెట్టి ఎవరి బండారం వాళ్లది బయటపెట్టొచ్చు కదా అని. నాకైతే ఆవిడ చేసిందే సరి అనిపిస్తుంది. అవతలివాడిని బజారుకీడిస్తే తృప్తి ఉంటుంది, ఓటు ఉండదు. చివరికి 61–36 తో గెలిచింది, అవతలి పార్టీ వాళ్లు 12 మంది. 2022 డిసెంబరు 13న అధ్యక్షుడు సంతకం చేశాడు.

ఇంత చేసి దక్కింది ఎంతంటే, సగమే. ఏ రాష్ట్రమూ కొత్తగా పెళ్లిళ్లు చేసి తీరాలని ఆ చట్టం అనదు. ఎక్కడైనా చట్టప్రకారం జరిగిన పెళ్లిని మిగతా రాష్ట్రాలూ కేంద్రమూ ఒప్పుకోవాలి, అంతే. రేపు కోర్టు తన తీర్పు వెనక్కి తీసుకున్నా, పక్క రాష్ట్రం వెళ్లి పెళ్లి చేసుకొచ్చిన జంటని ఎవరూ కాదనలేరు. 1994లో అడిగింది రూపాయి, చేతికొచ్చింది అర్ధ రూపాయి. కాకపోతే అర్ధ రూపాయి ఖజానాలో పడింది, ఇప్పుడు జడ్జి మనసు మారితే ఊడిపోయేది కాదు.

మన దగ్గర ఆ లెక్క మొదలైందా అంటే, పెద్దగా లేదు. మహారాష్ట్ర ఎంపీ సుప్రియా సూలే 2022 ఏప్రిల్‌లో లోక్‌సభలో ఒక ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యులు సొంతంగా పెట్టే బిల్లు, పెట్టింది, అలాంటి పెళ్లిళ్లని ప్రత్యేక వివాహ చట్టంలోకి తేవాలని. ప్రైవేటు బిల్లులు స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి చట్టమైనవి 14, చివరిది 1970లో, నువ్వూ నేనూ పుట్టకముందు. సుప్రీం కోర్టులో మీ తరఫున వాదించిన అభిషేక్ సింఘ్వీ గారు 2024లో తెలంగాణ నుంచి రాజ్యసభకి వెళ్లారు, లాయరూ నాయకుడూ రెండూ ఆయనే. కోర్టులో ఐదుగురిని ఒప్పించడం వేరు, తిరుపతి ఎంపీనీ చిత్తూరు ఎంపీనీ విడివిడిగా టీకి పిలిచి నీ భయమేంటన్నా అని అడగడం వేరు. ఆ రెండో పని చేసే మనిషి నాకు ఇంకా కనబడలేదు. నన్ను చేయమనకు, పదకొండు ఓట్ల సంగతి చెప్పానుగా.

ఈలోపు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, అవి చేయకుండా కోర్టుని తిట్టుకుంటూ కూర్చోవద్దు. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టంగా చెప్పింది, మీలాంటి జంట జాయింట్ ఖాతా తెరవడానికీ ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఏ అడ్డూ లేదని. బెంగళూరులో మీ బ్యాంకులో అడుగు, కిటికీ దగ్గర అమ్మాయికి తెలియకపోతే మేనేజరు దగ్గరికెళ్లు, గొడవ పడకు. 2024 డిసెంబరులో మన ఏపీ హైకోర్టు కూడా ఇద్దరు అమ్మాయిల కేసులో, ఇష్టపడిన వాళ్లతో కలిసి బతికే హక్కు వాళ్లకుంది, తల్లిదండ్రులు అడ్డుపడకూడదంది. ఫ్లాటు ఓనరు నసిగితే ఆ కాపీ పంపిస్తా.

నామినీ పేరు పెట్టి నిద్రపోవద్దు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునేవాడే, దక్కించుకునేవాడు కాదు. నువ్వు వీలునామా రాయకుండా పోతే (దిష్టి తగలకుండా ఉప్పు తిప్పుకో) హిందూ వారసత్వ చట్టం ప్రకారం నీకున్నదంతా మీ అమ్మకి. ఆరేళ్లుగా నీతో సగం ఈఎంఐ కడుతున్నవాడికి చట్టంలో చోటే లేదు. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చేయిస్తే మంచిదే కానీ తప్పనిసరి కాదు. కావాల్సింది ఇద్దరు సాక్షులు, నువ్వు సంతకం పెట్టడం కళ్లారా చూసి వాళ్లూ పెట్టాలి. వినాయక చవితికి వస్తానన్నావు కదా, ఇద్దరూ రండి, కాణిపాకం వెళ్లొచ్చి మా ఆఫీసులోనే పని పూర్తి చేద్దాం. డ్రాఫ్టు నేను రాసి పెడతా, ఫీజు ఒక బిర్యానీ.

ఒక సాక్షిని నేను ఉన్నాను. రెండో సాక్షి గురించి ఒక ఆలోచన వచ్చింది, వెంటనే తిట్టకు. మొన్న దామల్‌చెరువు నుంచి వస్తూ మీ ఇంట్లో దిగాను. తోతాపురి లారీలతో రోడ్డంతా నిండిపోయి గంటన్నర లేటు. మీ అమ్మ మజ్జిగ ఇచ్చి, "వాడూ ఆ రూమ్మేటూ వేళకి తింటున్నారా" అని అడిగింది. ఆవిడ 'రూమ్మేటు' అనే ముందు ఎప్పుడూ ఒక్క క్షణం ఆగుతుంది, నువ్వు గమనించావో లేదో. చట్టప్రకారం నీ ఆస్తి దక్కాల్సిన మనిషే ఆ కాగితం మీద సాక్షిగా సంతకం పెడితే, రేపు మీ చిన్నాన్న కొడుకులు నోరెత్తడం కష్టం, ఇది లాయరుగా చెప్తున్నా. అయితే చట్టం అడగకపోయినా, సంతకం పెట్టే ముందు అందులో ఏముందో ఆవిడకి చదివి చెప్పాలి.

నేను అడగనా, నువ్వే అడుగుతావా, లేక మా గుమస్తాతో పెట్టించేయనా? వాయిస్ మెసేజ్ వద్దు, రెండు ముక్కలు రాసి పంపు.

నీ
లాయరు