పసుపు ఎగుమతికి బ్యాంకులు జట్టు కట్టాలి

సంపాదకులకు నమస్కారం.

బేగంబజార్ నుంచి 22 ఏళ్లుగా పసుపు ఎగుమతి చేస్తున్నాను. నిజామాబాద్ యార్డులో సరుకు కొంటే డబ్బు వెంటనే కట్టాలి. కొమ్ములు పాలిష్ చేయించి, ల్యాబ్ రిపోర్టు తెచ్చుకుని, కంటైనర్ ఓడ ఎక్కించాక సొమ్ము చేతికి రావడానికి మూడు నెలలు. ఆ మూడు నెలలే మాకు టెన్షన్. పోయిన సీజన్‌లో ఆర్డర్ చేతిలో ఉన్నా బ్యాంకు ఇంటి పత్రాలు అడిగింది. ఇల్లు మా అమ్మ పేరిట ఉంది. ఆవిడను అడగడానికి మనసొప్పక రెండు కంటైనర్ల ఆర్డర్ వదులుకున్నాను.

ఆఫ్రికాలోని ఘనాలో కోకో (చాక్లెట్‌కు వాడే గింజలు) కొని ఎగుమతి చేసే ప్రభుత్వ కోకో బోర్డు 30 ఏళ్లకు పైగా వేరే దారిలో నడిచింది. పంటకు ముందు అనేక దేశాల బ్యాంకులు కలిసి, ఒకే ఒప్పందంపై డాలర్లలో అప్పిచ్చేవి. తలా కొంత ఇస్తాయి కాబట్టి భారం ఒక్క బ్యాంకు మీదే పడదు. ముందే కుదిరిన అమ్మకాలే హామీ. ఆ డబ్బుతో రైతుల దగ్గర గింజలు కొని, ఎగుమతి సొమ్ముతో బాకీ తీర్చేవారు. పంట బాగా తగ్గిపోయాక 2024లో బోర్డు ఆ పద్ధతి ఆపేసింది, నిజమే. అందుకే పంట చేతికి రాకముందే అతిగా అమ్ముకోకూడదు. ఎగుమతులకు బీమా ఇచ్చే మన ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ కూడా కొనుగోలుదారు ఎగ్గొడితే ఆదుకుంటుంది గానీ పంట పోతే కాదు.

2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. చిన్న ఎగుమతిదారుల ఆర్డర్లన్నీ ఒకచోట చేర్చి, ఎగుమతి, దిగుమతులకు అప్పిచ్చే ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకు ముందుండగా దేశ, విదేశీ బ్యాంకులు కలిసి అప్పిచ్చేలా బోర్డు చొరవ తీసుకోవాలి. కొత్త పసుపు యార్డుకు వచ్చేలోపే ఇది మొదలుపెట్టాలని కోరుతున్నాను.

— ఒక పసుపు ఎగుమతిదారు, బేగంబజార్, హైదరాబాద్