రక్తం ట్రేలో రెండున్నర గంటలు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఫలానా ఆస్పత్రికి జాతీయ నాణ్యతా ధ్రువపత్రం వచ్చిందనీ, కలెక్టర్ అభినందించారనీ మీ జిల్లా పేజీల్లో తరచూ చూస్తుంటాను. సంతోషమే. ఆ పేరు మీదైనా గోడలకు సున్నం పడుతుంది, మరుగుదొడ్లకు గడియలొస్తాయి, పసుపు, ఎరుపు, నీలం బుట్టలు వరసగా నిలబడతాయి. అయితే ఈ మధ్య మా చెల్లెలికి తోడుగా ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో ఆరు రోజులు ఉండి వచ్చాక (ఊరి పేరెందుకు లెండి, అక్కడి నర్సమ్మలు మమ్మల్ని బాగానే చూసుకున్నారు) ఒక సంగతి బోధపడింది. అది చెబుదామనే ఈ ఉత్తరం.

చెల్లెలికి షుగరు, దానికి తోడు కాలి మీద పుండు. రోజూ పొద్దున రక్తం తీసేవారు. ఆ రిపోర్టు చూసి డాక్టరు గారు మందు మార్చాలి. అదేమో ఆయన రౌండు ముగించి వెళ్లాక వచ్చేది. "రేపు చూద్దాం పెద్దాయనా" అనేవారు మర్నాడు కూడా. రెండు రోజులు అందరిలాగే విసుక్కున్నాను. మూడో రోజు మందుల చీటీ వెనకవైపు టైములు రాయడం మొదలుపెట్టాను. రక్తం తీసింది ఏడున్నరకి. ట్యూబులు నర్సు బల్ల మీద స్టీలు ట్రేలో పెట్టారు. వార్డుబాయ్ వచ్చి పట్టుకెళ్లింది పదింటికి. ల్యాబులో పట్టిన సమయం ముప్పావు గంట. పదకొండు లోపే తయారైన రిపోర్టు కింద కౌంటరులో పన్నెండున్నర దాకా పడుకుంది. ఈలోగా రౌండు అయిపోయింది. అయిదు గంటల్లో అసలు పని ముప్పావు గంట, మిగతాదంతా బల్లల మీద నిద్ర. నాలుగో రోజూ ఇంతే, అయిదో రోజూ ఇంతే.

వార్డుబాయ్‌ని అడిగితే, పొద్దున్నే టిఫిన్ బండి తోయాలి, తర్వాత స్ట్రెచర్లు, ఇవయ్యాకే ల్యాబు అన్నాడు. అబద్ధం కాదు, కళ్లారా చూశాను. "ఆ టిఫిన్ బండి ల్యాబు ముందు నుంచే పోతుంది కదా, ట్రే దాని మీదే పెట్టొచ్చుగా" అని నర్సమ్మకు సలహా ఇచ్చాను. తిండి బండి మీద రక్తమా అన్నట్టు ఆమె నావైపు చూసిన చూపు ఇప్పట్లో మరచిపోలేను. తర్వాత ఆవిడే చెప్పింది: "రాత్రి డ్యూటీ దిగేవాళ్లం ఎనిమిదింటికి ల్యాబు ముందు నుంచే గేటుకు పోతాం సార్. మాలో ఒకరు ఇచ్చి పోవచ్చు. కానీ రిజిస్టరులో వార్డుబాయ్ సంతకమే ఉండాలి." మరి పైవాళ్లకు చెప్పారా అన్నాను. "అడిగిందెవరు?" అంది.

నేను రామచంద్రపురం బీహెచ్ఈఎల్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మన దేశంలో క్వాలిటీ సర్కిళ్లు మొదలైంది అక్కడే, 1980లో. జపానులో చూసొచ్చిన మా జనరల్ మేనేజరు ఉడ్పా గారు పెట్టించారు. ఒకే చోట పనిచేసే అయిదారుగురు, మహా అయితే పదిమంది, వారానికో గంట కూర్చుని తమ పనిలో చిక్కేదో తామే పట్టుకోవడం, లెక్క రాయడం, చిన్న మార్పొకటి చేసి మళ్లీ లెక్క చూడటం, అంతే సంగతి. దాన్ని గొప్ప చేసి చెప్పను. పోటీల్లో కప్పు కోసం రంగురంగుల చార్టులు గీసిన ఏడాదులూ ఉన్నాయి, వాటిలో నా గీతలూ ఉన్నాయి. కానీ లెక్క నిజంగా రాసినప్పుడు మా విభాగంలో ఏళ్ల తరబడి కదలని చిక్కులు కదిలాయి.

ఆస్పత్రి ఫ్యాక్టరీ కాదంటారు. ఒప్పుకుంటాను. అయితే ఆపరేషన్ థియేటరు సంగతి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల కాగితం ఒకటి తెచ్చింది. కత్తి పెట్టే ముందు గదిలో ఉన్నవాళ్లంతా పేరు, పని చెప్పుకోవాలి, రోగి ఎవరు, కోత ఎక్కడ అన్నది పైకి అనుకోవాలి. చివర్లో గుడ్డలు, సూదులు లెక్కపెట్టాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో వాడి చూస్తే, వెయ్యి ఆపరేషన్లకు 15గా ఉన్న మరణాలు 8కి తగ్గాయి. దానికి కొత్త మిషన్లేమీ కొనలేదు. పెద్ద సర్జన్ ముందు నర్సమ్మ నోరు తెరిచి "ఒక్క నిమిషం సార్" అనడానికి వీలు దొరికింది. ఖరీదైనదల్లా ఆ వీలే.

సిబ్బంది కొరత ముందు తీర్చాలన్న మాట నిజం. పోస్టులు నింపకుండా "మీలో మీరే సర్దుకోండి" అనడానికి ఈ పద్ధతిని అడ్డం పెట్టుకుంటే అంతకంటే మోసం లేదు. కానీ ఆ ట్రే రెండున్నర గంటలు ఆగింది మనుషులు లేక కాదు, ఒక సంతకం గురించి.

మన ప్రభుత్వ ఆస్పత్రుల నాణ్యతా ప్రమాణాల్లో ప్రతిచోటా నాణ్యతా బృందం ఉండాలనే ఉంది. 2015 నుంచి ఆస్పత్రుల శుభ్రతకు కాయకల్ప అవార్డులూ ఇస్తున్నారు. కాగితాల మీద లోటేమీ లేదు. ఆ బృందంలో సూపరింటెండెంటు, ఆర్ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు)లతో పాటు వార్డుబాయ్‌కీ, ఆయమ్మకూ కుర్చీ వేస్తున్నారా అన్నదే నా ప్రశ్న. వారానికి ఆ ఒక్క గంటా డ్యూటీలో భాగంగానే ఇవ్వాలి. రిజిస్టరులో గడి మార్చే పాటి అధికారం ఆస్పత్రిలోనే ఉండాలి, దాని కోసం ఫైలు హైదరాబాదు రాకూడదు. ఓపీ దగ్గర డాక్టర్ల పేర్ల బోర్డు పక్కనే, చీటీ రాయించుకున్నాక డాక్టరును చూడటానికి పోయిన వారం సగటున ఎన్ని నిమిషాలు పట్టిందో రాయాలి. అంకె బాగా లేదని మాత్రం ఎవరికీ మెమో ఇవ్వకూడదు. ఇచ్చారో, మరుసటి వారం నుంచి అంకెలన్నీ బంగారంలా ఉంటాయి, జనం మాత్రం ఆ లైన్లోనే ఉంటారు.

డిశ్చార్జి రోజున నా టైముల చీటీని తెల్లకాగితం మీద సాపు చేసి ఆఫీసులో ఇచ్చాను. ముద్ర వేసి ఇన్‌వర్డు నంబరు కూడా ఇచ్చారు. నెల దాటింది. అదిప్పుడు ఏ బల్ల మీద ఏ ట్రేలో ఉందో.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
హైదరాబాదు