పాత కచేరీ టేపులు: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఏడు క్యాసెట్లను బాగుచేసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం పూర్తిచేశాం. అన్నీ 1970లు, 80లలో రాక్ కచేరీలకు వెళ్లిన ప్రేక్షకులు తమ సీట్లోంచే రికార్డు చేసుకున్నవి, లేదా వాటి కాపీలు. నెలకోసారి గంటస్తంభం దగ్గర మేడమీద కూర్చుని వినడం మామూలుగానే సాగింది. సిరిమానోత్సవం వారంలో మాత్రం మైకుల హోరుకి పని ఆపేశాం. జమాఖర్చుల కాగితం విడిగా పంపాం.

ఎక్కువ రోజులు పట్టింది ఒక్క టేపుకే. మన సభ్యుడొకరి చిన్నాన్నగారు ఓడ ఉద్యోగంలో ఉన్నప్పుడు యూరప్‌లో కాపీ చేయించుకున్న సీ-90, అంటే తొంభై నిమిషాల క్యాసెట్ అది. లేబుల్ మీద ఓ బ్రిటిష్ బృందం పేరు, 'జర్మనీ' అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. మన విజయనగరం ఉక్కపోతకి బీరువాలోనే టేపు అంచంతా తెల్లగా బూజు పట్టింది. డబ్బా స్క్రూలు విప్పి, చుట్టలు బయటికి తీసి, ఆరుబయట మాస్కులు కట్టుకుని మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, కొత్త డబ్బాలోకి మార్చాం.

క్యాసెట్ డెక్‌లో పెడితే డ్రమ్స్‌తో వాయించే సింబల్స్ (లోహపు పళ్లేలు) దుప్పటి కప్పినట్టు వినిపించాయి. టేపుని చదివే హెడ్ పక్కనుండే చిన్న స్క్రూని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోతే ఒకచోట 'ఛిన్'మని తేటపడ్డాయి. రికార్డు చేసిన హెడ్ ఏ వాలులో ఉందో మన హెడ్ కూడా ఆ వాలుకి రావాలి. ఇది ముందే చూసుకోవాలి. టేపులోంచి బయటికి రాని ధ్వనిని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు.

ఇక స్పీడు. సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న మన సభ్యురాలు రెండో పాటకే "శ్రుతి పైకి పోయిందండీ" అన్నారు. కానీ ఆ రోజు గిటార్లు ఏ శ్రుతిలో పెట్టుకున్నారో మనకెలా తెలుస్తుంది? కరెంటు హమ్, అంటే కరెంటు పరికరాల్లోంచి వచ్చే 'గుమ్'మనే మోత, చెప్పింది. జర్మనీలోనూ మనలాగే 50 హెర్ట్జ్ కరెంటే. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ధ్వని ఉందో చూపే స్పెక్ట్రమ్ బొమ్మలో రెండు గీతలు కనిపించాయి: 50 దగ్గరున్నది మన డెక్‌ది, 52 దగ్గరున్నది టేపులోనే ఉన్నది, ఆ హాల్లో యాంప్లిఫయర్లది. అంటే టేపు 4 శాతం వేగంగా పోతోందన్నమాట. ఆ మేరకు తగ్గించగానే గాయకుడి గొంతులో కీచుదనం పోయింది. అమెరికా టేపులకైతే 60 దగ్గర చూడాలి.

మొదటి విడతలో ఒక పొరపాటు జరిగింది. హిస్ (టేపు 'స్‌స్' శబ్దం) పోవాలని సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ గట్టిగా వేశాం. దాంతోపాటు చప్పట్లూ అరిగిపోయాయి, పాట నీళ్లలోంచి వస్తున్నట్టు తయారైంది. అదంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పుడు హిస్ ఉంది. మైకు పక్కనే ఒకాయన దగ్గు ఉంది, ప్రతి పాట చివరా అందరికన్నా ముందు పడే ఒక ఈల ఉంది. ఇవి ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. మిక్సర్ నుంచి నేరుగా తీసిన రికార్డింగ్‌లో ఆ ఈల అంత దగ్గరగా వినపడదు. జనం మధ్య కూర్చుంటే కచేరీ ఎలా ఉంటుందో ప్రేక్షకుడి టేపే చెప్పగలదు. టేపు తిరగేసేటప్పుడు గిటార్ సోలో మధ్యలో పోయిన ముక్కకి అతుకు వేద్దామంటే మరో రికార్డింగ్ దొరకలేదు. ఆ ఖాళీని అలాగే ఉంచాం.

దొంగచాటు రికార్డింగులు కదా అని కొత్త సభ్యులు అడిగారు. అమెరికా రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ 1984లో టేపర్లకి (కచేరీలు రికార్డు చేసుకునే ప్రేక్షకులకి) హాల్లో ప్రత్యేకంగా చోటిచ్చింది. అమెరికాలో అలాంటి టేపరే అయిన మైక్ మిల్లార్డ్ మాత్రం పరికరాలు వీల్‌చైర్‌లో దాచి తీసుకెళ్లేవారు. 1977లో కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్‌లో బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెపెలిన్ కచేరీకి ఆయన చేసిన రికార్డింగ్‌ని ఇప్పటికీ వెతుక్కుని వింటారు. అనుమతితో చేసినవీ, దాచి చేసినవీ రెండు రకాలూ ఉన్నాయి. మన నియమం మాత్రం మారదు: ఏదీ అమ్మం, అధికారికంగా విడుదలైన కచేరీని పంచం.

ఫైళ్లు ధ్వని నాణ్యత తగ్గని ఫ్లాక్ రూపంలోనే ఇస్తున్నాం, ఏం సరిచేశామో రాసిన చీటీతో సహా. దయచేసి ఎంపీ3 చేసి వాట్సాప్‌లో తిప్పకండి. ఏమీ మార్చని 24 బిట్ మూలం వేరే డ్రైవ్‌లో భద్రంగా ఉంది.

శ్రీకాకుళం నుంచి వచ్చిన అట్టపెట్టె ఇంకా విప్పలేదు, వచ్చే ఏడాది పని దాంతోనే మొదలు. మీ ఇళ్లలో క్యాసెట్లుంటే ఓసారి పాడించి చూద్దామనుకోకండి. బూజు హెడ్‌కి అంటుకుని తర్వాతి టేపుకి పాకుతుంది. లోపలి చీటీ చిరిగినా పారేయకుండా, ఉన్నదున్నట్టే తీసుకురండి.