క్లోనిస్ కుర్రాడి పేరు ఒక కోర్టుకు పెట్టండి
ఐర్లాండ్ క్రీడల మంత్రికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

డబ్లిన్‌లో ఉంటున్న తెలుగువాణ్ని. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి శనివారాలు టెన్నిస్ నేర్చుకుంటోంది. మొన్న వాన వెలిశాక తడి కోర్టు మీద బంతులు ఏరుతూ, "నాన్నా, మన ఐర్లాండ్ వాళ్లెవరైనా గ్రాండ్‌స్లామ్ గెలిచారా?" అని అడిగింది. నాకు తెలియదు. పక్కనున్న తల్లిదండ్రులకూ తెలియదు. ఇంటికొచ్చి వెతికితే వందేళ్ల కిందటి పేర్లు కొన్ని దొరికాయి. వాటిలో జేమ్స్ సెసిల్ పార్క్ దగ్గర ఆగిపోయాను.

మోనహన్ కౌంటీలోని క్లోనిస్‌లో 1881లో పుట్టారు. వృత్తి న్యాయవాది. 1912 నవంబరులో మెల్‌బోర్న్‌లో డేవిస్ కప్ పోరు, అంటే దేశాల జట్ల మధ్య టెన్నిస్ పోటీ. ఎదురుగా నార్మన్ బ్రూక్స్, 1907 వింబుల్డన్ విజేత, అదీ సొంతగడ్డ మీద. ఆయన్ని పార్క్ నాలుగు సెట్లలో ఓడించారు. తర్వాత రాడ్నీ హీత్‌నీ ఓడించారు. కప్పు 3–2తో పార్క్ జట్టు చేతికి వచ్చింది. ఆ మూడు విజయాల్లో రెండు ఈయనవే! అటునుంచి న్యూజిలాండ్ వెళ్లి, హేస్టింగ్స్‌లో ఇప్పటి ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు మూలమైన టైటిల్‌ని ఐదు సెట్లాడి గెలిచారు. ఆ తర్వాత ఈ రోజుదాకా ఏ ఐరిష్ ఆటగాడూ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలవలేదు.

మరి ఎందుకు మరుగున పడ్డారు? నాకు తోచిన కారణం ఒకటే. అప్పట్లో ఐర్లాండ్ బ్రిటిష్ పాలన కింద ఉండేది. 1908 ఒలింపిక్స్‌లో ఆయన గెలిచిన డబుల్స్ రజతం గ్రేట్ బ్రిటన్ ఖాతాలో ఉంది. డేవిస్ కప్ జట్టు పేరు బ్రిటిష్ ఐల్స్. ఐర్లాండ్ సొంతంగా ఆ కప్పులో దిగింది 1923లో. రగ్బీలో మాత్రం ఐర్లాండ్ జెర్సీతోనే 20 మ్యాచ్‌లు ఆడారు, కెప్టెన్‌గా కూడా చేశారు. మా దేశమూ ఆ పాలన కింద నలిగిందే. పతకం మీద ఎవరి జెండా ఉందన్న బాధ మాకు బాగా తెలుసు. జెండా మారినంత మాత్రాన పుట్టిన ఊరు మారదు కదండీ.

1914లో ఎథెల్ లార్కోంబ్‌తో కలిసి వింబుల్డన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచారు. ఆ వెంటనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. టర్కీలోని గల్లిపోలి పోరులో గాయపడ్డారు. 1946లో వేల్స్‌లో కన్నుమూశారు.

నా విన్నపం చిన్నది. ఇకమీదట ప్రభుత్వ డబ్బుతో పిల్లల కోసం కట్టే కోర్టుల్లో ఒక్కదానికి ఆయన పేరు పెట్టండి. బోర్డు మీద పేరు కింద "క్లోనిస్" అని కూడా రాయించండి. శనివారం మా అమ్మాయిని అక్కడికి తీసుకెళ్తాను.

ఇట్లు,
డబ్లిన్ నుంచి ఒక తండ్రి